ఎడమ జాకీ, కుడి జాకీ

నాకొక పడవ ఉంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోని తమ్ముళ్లు ఇద్దరున్నారు. ఈ రెండు విషయాలకూ ఏ సంబంధమూ ఉండకూడదు. ఆ ఏడాది వానలకు ముందు సంబంధం కలిసింది.

ముందు తమ్ముళ్ల సంగతి చెప్తాను, పడవ ఎక్కడికీ పోదు. పెద్దోడు వడ్రంగి. చిన్నోడిది ఫైబర్ పని: నీళ్ల ట్యాంకులు, స్నానాల తొట్లు, పిల్లల జారుడుబల్లలు అచ్చులు పోస్తాడు. చిన్నోడు ఇల్లు మారినప్పుడు పెద్దోడు వాడికొక అల్మారా చేసిచ్చాడు. వానాకాలం రాగానే దాని తలుపు బిగిసింది. చిన్నోడు అన్నని అడక్కుండా ఎక్కడినుంచో చిత్రిక తెచ్చి తలుపు అంచు కాస్త దించాడు. పెద్దోడు చూడ్డానికొచ్చినప్పుడు తలుపు తీసి, వేసి, అంచు మీద వేలు పెట్టి, "దీని మీద చెయ్యేసిందెవడు?" అన్నాడు. "తలుపు పట్టలేదు మరి," అన్నాడు చిన్నోడు. వాళ్లిద్దరి మధ్య జరిగిన చివరి సంభాషణ అది. ఐదారేళ్లయింది. వాళ్ల పెళ్లాలు రోజూ ఫోన్లో గంటల తరబడి మాట్లాడుకుంటారు. పిల్లలు బళ్లో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. అల్మారా ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది.

మధ్యలో నేను పోస్టాఫీసుని. "అక్కా, వాడికి చెప్పు," అని పెద్దోడు వస్తాడు. "అక్కా, అన్నయ్యకి చెప్పు," అని చిన్నోడు వస్తాడు. ఎవడొచ్చినా టీ తాగుతాడు, చెప్పాల్సిన ముక్క చెప్తాడు, దానితోపాటు ఇంట్లో సంగతులు, పనిలో సంగతులు, ఎవరు ఎవరినేమన్నారో అన్నీ చెప్పి వెళ్తాడు. మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. రోజుకు పది మాటలు మాట్లాడే మనిషి, అందులో ఆరు "ఊఁ"లు. కాబట్టి మా ఇంట్లో మాటల లోటు తీర్చింది ఈ తపాలా పనే. పైకి మాత్రం, "నా తల ప్రాణం తోకకొస్తోందిరా," అని ఇద్దరినీ తిట్టేదాన్ని.

అసలు పోస్టాఫీసు ఉత్తరాలు విప్పి దిద్దదు. నేను దిద్దేదాన్ని. పెద్దోడు, "వాడికి బుద్ధి ఎప్పుడొస్తుందో కనుక్కో," అంటే, చిన్నోడి దగ్గరికెళ్లి, "అన్నయ్య నీ క్షేమం అడిగాడు," అనేదాన్ని. ఉన్నదున్నట్టు చేరవేస్తే మా కుటుంబంలో ఈపాటికి ఎవడికో ఒకడికి కట్లు కట్టి ఉండేవాళ్లు.

ఇక పడవ. ఫైబర్ పడవ, పాతది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు జనాన్ని దాటిస్తాను. వంతెన ఉంది గానీ చుట్టు తిరిగి వెళ్లాలి. ఆసుపత్రి నర్సులు, బడి టీచర్లు, సైకిలు భుజాన వేసుకుని ఎక్కేవాళ్లు, వీళ్లంతా నా వాళ్లు. స్టీరింగు దగ్గర నిలబడితే నా పెళ్లినాటి కంటే ఇప్పుడే ఎక్కువ ధైర్యంగా ఉంటాను. ఒక రోజు ఒక నర్సమ్మ చెప్పు మడమ పడవ నేలలోకి దిగబడింది. ఆవిడ నాకు సారీ చెప్పింది. నేను పెద్దమనసుతో పర్లేదన్నాను. ఆవిణ్ణి దింపేశాక వేలు పెట్టి చూస్తే నేల మెత్తగా ఉంది.

నేల కోసి తీయించాను. ఫైబర్ పడవ బలమంతా ఫైబర్‌లోనే ఉంటుందని జనం అనుకుంటారు. లోపల అడుగున, ముక్కు నుంచి వెనకదాకా రెండు పొడుగాటి చెక్క దూలాలుంటాయి. వాటిని ఫైబర్ గుడ్డతో, రెజిన్ అనే జిగురుతో పడవ అడుక్కి అతికించి పైన కప్పేస్తారు. ఇంజను కూర్చునేది వాటి మీద, అడుగు వంగకుండా పట్టుకునేవి అవి. మా పడవలో ఎవడో వైరు కోసం దూలానికి చిల్లు పెట్టి పూడ్చకుండా వదిలేశాడు. ఆ చిల్లులోంచి నీళ్లు ఎన్నేళ్లు తాగిందో, పైన తొడుగు నిక్షేపంగా ఉంది, లోపలి చెక్క మాత్రం చెంచాతో తోడితే వచ్చింది. చెంచాతోనే తోడి చూశాను.

రేవు ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. "వానలు పడేలోపు మళ్లీ వస్తానమ్మా. అప్పటికి పడవ గట్టిగా ఉంటే రేవు నీదే. లేకపోతే అవతలి ఒడ్డాయనకి ఇచ్చేస్తాం," అన్నాడు. అవతలి ఒడ్డాయనకి రేకు పడవ ఉంది. జనం కోసం ఎదురుచూస్తూ ఎప్పుడూ ఈల వేస్తుంటాడు కాబట్టి అందరూ ఈలాయన అంటారు. రేవు పోతే నాకు మిగిలేది మా ఆయన పక్కన ఐసు గడ్డలు మొయ్యడం. ఇన్నేళ్లు పారే నీళ్ల మీద తిరిగినదాన్ని, గడ్డకట్టిన నీళ్ల మధ్య నన్ను నేను ఊహించుకోలేకపోయాను. ఆ రాత్రి నిజంగా భయపడ్డాను.

దూలాలకు వడ్రంగి కావాలి. అతకడానికి ఫైబర్ పనివాడు కావాలి. నాకు ఇద్దరూ ఉన్నారు, ఒకే చోట నిలబడరు, అంతే.

"పొద్దున నేనొస్తా. వాడు సాయంత్రం రమ్మను," అన్నాడు పెద్దోడు.

"సాయంత్రం నేనొస్తా. ఆయన పొద్దున వచ్చిపోతే నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు చిన్నోడు. ఒకరితో ఒకరు మాట్లాడకుండానే ఇంత చక్కగా కుదిరింది చూడండి.

పడవను రేవు పక్క రేకుల షెడ్డులోకి ఎక్కించాం. పడవ అడుగున నడిమిగా ఉండే వెన్ను కింద వరసగా దుంగలు పెట్టాం. పడవ బరువంతా మోసేవి ఆ దుంగలే. అటూ ఇటూ ఒరిగిపోకుండా పక్కకు రెండేసి జాకీ స్టాండ్లు ఆనించాం. వాటికి మర ఉంటుంది, తిప్పితే పైకి లేస్తాయి. ఇంజను దించేశాం. పాత దూలాలు కోసి తీసేశాం. అప్పుడు పడవ ఎముకల్లేని మనిషిలా ఉంది.

మొదటి రోజు పొద్దున పెద్దోడు తన రసమట్టం పెట్టి, జాకీలు సర్ది, పడవను సమంగా నిలిపాడు. సాయంత్రం చిన్నోడు మట్టం చూడ్డానికి వాడే తన నీళ్ల పైపు పట్టి చూసి, సమంగా లేదని మళ్లీ సర్దాడు. మర్నాడు పొద్దున పెద్దోడి కేకలు రేవుదాకా వినబడ్డాయి. నేను మధ్యవర్తిత్వం చేసి ఒప్పందం కుదిర్చాను: ఎడమ జాకీలు పెద్దోడివి, కుడి జాకీలు చిన్నోడివి. ఒకడివి ఒకడు ముట్టుకోకూడదు. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇంత తెలివి నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

పని బాగా సాగింది. పెద్దోడు పడవ అడుగు వంపుకు అట్టముక్కలు ఆనించి, కత్తిరించి, వాటిని చూసి కొత్త దూలాలు కోశాడు. తెచ్చి పెడితే వేలు దూరే సందు లేకుండా కూర్చున్నాయి. నేను చప్పట్లు కొట్టాను. తీసి పక్కన పెట్టాడు, ఎందుకంటే అతికించేలోపు చిన్నోడు అడుగంతా గ్రైండర్‌తో గీకి, తుడిచి, ఆరబెట్టాలి. దానికి కొన్ని సాయంత్రాలు పట్టింది. ఆ రోజుల్లో పెద్దోడు అడ్డ పలకలు కోస్తూ పొద్దున వస్తూనే ఉన్నాడు. వచ్చిన ప్రతివాడూ ముందు తన మట్టం పెట్టి చూసుకునేవాడు.

"అక్కా, ఆయనగారి రసమట్టం ఎప్పుడో కిందపడి ఉంటుంది. దాన్ని నమ్మి ఎడమ పక్క ఎత్తుతున్నాడు. ఎత్తొద్దని చెప్పు," అన్నాడు చిన్నోడు.

నేను పెద్దోడితో, "చిన్నోడు నీ పని చూసి ముచ్చటపడ్డాడు," అన్నాను.

"వాణ్ణి ఆ నీళ్ల పైపు పెట్టుకుని గోడలు కట్టుకోమను. పడవలు వద్దు. రోజూ కుడి పక్క లేస్తోంది, ఆపమను," అన్నాడు పెద్దోడు.

నేను చిన్నోడితో, "నీ నడుంనొప్పి ఎలా ఉందని అన్నయ్య అడిగాడు," అన్నాను.

"నాకు నడుంనొప్పి ఎప్పుడుందే?"

"రాకూడదని అడిగాడు."

ఆ రోజుల్లో ఇద్దరికీ టీ ఇవ్వడానికి పడవలోకి ఎక్కేదాన్ని. మొదట్లో చిన్న స్టూలు సరిపోయేది. తర్వాత కాలు అందడం లేదు. మోకాళ్లు అరుగుతున్నాయి కాబోలనుకుని ఇంటి దగ్గర్నుంచి పెద్ద స్టూలు తెచ్చాను. రాత్రి మోకాళ్లకు నూనె రాసుకున్నాను. మా ఆయన చూసి, "ఊఁ?" అన్నాడు. "వయసు," అన్నాను.

అతికించాల్సిన సాయంత్రం చిన్నోడు దూలాలు తీసి పడవలో పెట్టాడు. కూర్చోలేదు. రెండు చివర్లూ ఆనుతున్నాయి, మధ్యలో దూలం కింద మూడు వేళ్లు దూరేంత సందు. రెండోదీ అంతే. వాడు చేతులు దులుపుకున్నాడు.

"చెక్క తప్పు కోశాడు. తలుపు కోసినట్టే కోశాడు," అన్నాడు.

మర్నాడు పొద్దున పెద్దోడు చూశాడు. మొహం మాడిపోయింది. "నేను కోసినప్పుడు నువ్వే చూశావుగా అక్కా. సందుందా? వాడు అడుగు గీకి గీకి ఏం చేశాడో వాణ్ణే అడుగు. కొత్త చెక్క నేను కొయ్యను," అని పనిముట్ల సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం చిన్నోడూ రాలేదు. ఆకాశం పడమటి వైపు నల్లబడుతోంది. ఇన్‌స్పెక్టరు ఎల్లుండి వస్తానని కబురు పెట్టాడు. ఈలాయన తన పడవకు రంగు వేస్తున్నాడని ఎవరో ప్రత్యేకంగా వచ్చి చెప్పి వెళ్లారు.

మర్నాడు పొద్దున ఒక్కదాన్నే షెడ్డుకు వెళ్లాను. ఎవడి కోసమో తెచ్చిన టీ నేనే తాగుదామని పడవ కింద నేల మీద చతికిలబడి, వెన్ను కింది దుంగకు వీపు ఆనించాను. దుంగ జరిగింది.

పడవ బరువంతా మోస్తున్న దుంగ జరగకూడదు. కాలితో తోశాను. ఇంకా జరిగింది. పక్క దుంగను ఒక చేత్తో లాగితే బయటికొచ్చేసింది. వెన్నుకూ దుంగలకూ మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ ఉంది. పడవ దుంగల మీద లేదు. అటు రెండు, ఇటు రెండు, నాలుగు జాకీల మీద వేలాడుతోంది. దాని కిందే కూర్చుని నేను టీ తాగుతున్నాను. గ్లాసు అక్కడే వదిలేసి, పాకుతూ బయటికొచ్చాను.

బయట నిలబడి చూస్తే అంతా అర్థమైంది. ఇద్దరి మట్టాలకూ తేడా ఉంది. పొద్దున పెద్దోడు చూస్తే ఎడమ పక్క దిగినట్టు కనబడుతుంది, ఎడమ జాకీలు ఒక తిప్పు ఎత్తుతాడు. సాయంత్రం చిన్నోడు చూస్తే కుడి పక్క దిగినట్టు కనబడుతుంది, కుడి జాకీలు ఒక తిప్పు ఎత్తుతాడు. అవతలివాడి జాకీ దించే హక్కు నా ఒప్పందం ప్రకారం ఎవడికీ లేదు. తనది దించడానికి ఎవడికీ మనసు రాదు. అలా రోజుకింత చొప్పున పడవ గాల్లోకి లేచింది, నేను స్టూలు మార్చాను. ఎముకలు తీసేసిన అడుగు మధ్యలో కిందికి జారింది. చెక్క తప్పు కాదు, గీకడం తప్పు కాదు. ఆపమని ఇద్దరూ చెప్పారు. రెండు కబుర్లూ నా దగ్గరే ఆగిపోయాయి.

ఇద్దరికీ ఫోన్ చేసి, "పడవ పడిపోతోంది, రా," అన్నాను. ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. షెడ్డు గుమ్మంలో ఒకరికొకరు ఎదురుపడి, ఇద్దరూ నా మొహమే చూశారు. నేను దుంగను కాలితో తోసి చూపించాను. ఎవడేం కబురు పంపాడో, నేనేం చెప్పానో, నడుంనొప్పితో సహా చెప్పేశాను.

పని ఏమిటో ఇద్దరికీ తెలుసు. దుంగలు మళ్లీ కింద సర్ది, రెండు పక్కల జాకీలూ ఒక్కసారే, ఒకే కొలతన, కొంచెం కొంచెంగా దించాలి. ఒక పక్క ముందు దిగితే ఎముకల్లేని పడవ మెలితిరిగి మధ్యలో చిట్లుతుంది. చిట్లితే ఇక దూలాలెందుకు, పొయ్యిలోకి. ఎడమ పక్క వాడికి కుడి పక్క వాడు కనబడడు. మధ్యలో నిలువెత్తు పడవ.

"అక్కా, నువ్వు పైకెక్కి దూలం చూస్తూ ఉండు. వాడికి ఎప్పుడు తిప్పాలో చెప్పు," అన్నాడు పెద్దోడు.

"అక్కా, ఆయన తిప్పగానే నాకు చెప్పు," అన్నాడు చిన్నోడు.

నేను పెద్ద స్టూలు మీంచి పడవలోకి ఎక్కాను. దూలం పక్కన కూర్చుని, "సందు చూస్తాను. కబుర్లు మొయ్యను," అన్నాను.

"అంటే?" అన్నారు ఇద్దరూ, ఎటువైపు వాడు అటునుంచి.

నేను పలకలేదు. ధైర్యం అనుకోకండి. ఆ పడవ తప్ప నాకు వేరే బతుకు తెలియదు. కానీ మళ్లీ నేను నోరు తెరిస్తే, మళ్లీ అందులో ఏదో ఒకటి కలుపుతానని నాకు తెలుసు. చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

ఎడమ నుంచి మర తిరిగిన చప్పుడైంది. పడవ కాస్త ఒరిగింది.

"అక్కా, వాడు తిప్పాడా అడుగు."

పలకలేదు. కుడి నుంచి చప్పుడైంది, ఎక్కువే తిప్పినట్టున్నాడు. పడవ అటు ఒరిగింది. నా పక్కన దూలం జారి నా కాలికి తగిలింది.

"అక్కా, ఆయన్ని ఆపమను!"

"అక్కా, వాడెంత తిప్పాడు? అక్కా!"

మళ్లీ ఎడమ. నా కింద ఫైబర్ కరకరమంది. ముక్కు వైపు నుంచి నా కాళ్ల దగ్గరిదాకా ఆ చప్పుడు పాకుతూ వచ్చింది. కళ్లు మూసుకున్నాను.

"ఆగరా!" అని ఎడమ నుంచి.

"అన్నయ్యా, ఆగు!" అని కుడి నుంచి.

రెండూ ఒక్కసారే. ఆ "అన్నయ్యా" విని ఐదారేళ్లయింది. కొంగు నోట్లోనే ఉంది, కన్నీళ్లు మాత్రం ఆగలేదు.

ముందు పెద్దోడే అడిగాడు. "నువ్వెంత తిప్పావు?"

"ఒకటిన్నర."

"అర వెనక్కి ఎత్తు."

"ఎత్తాను."

"ఇప్పుడు పావు. నేను 'పావు' అన్నాక."

"అను."

"పావు."

"పావు."

"వెనక స్టాండు?"

"పావు అయింది. నీది?"

"అయింది. పావు."

అలా పావు పావు అనుకుంటూ దించారు. మొదట మా ఊళ్లో ఎవరూ వాడని మర్యాదతో మాట్లాడుకున్నారు. కాసేపటికి, "అదేం పావురా, అర తిప్పావు," అని ఒకడు, "నీ పావు ఎంత పెద్దదో నాకు తెలీదా," అని ఇంకొకడు మొదలెట్టారు. నేను దూలం సర్ది పెట్టి దాని కింద వేళ్లు పెట్టి చూస్తున్నాను. మూడు వేళ్లు పట్టే సందు రెండు వేళ్లయింది. రెండు ఒకటైంది. వెన్ను దుంగల మీద కూర్చున్నప్పుడు చిన్న చప్పుడైంది. నా వేలు నలిగింది. అంత సంతోషంగా వేలు నలగ్గొట్టుకున్నవాళ్లు లోకంలో ఎవరూ ఉండరు.

ఇద్దరూ పైకెక్కి చూశారు. చిన్నోడు దూలం కింది అంచు పొడుగునా గోరు పెట్టి గీశాడు. ఎక్కడా దిగలేదు.

"చెక్క సరిగ్గానే ఉంది," అన్నాడు.

"నేనెప్పుడు తప్పు కోశానురా?"

"అల్మారా తలుపు?"

అక్కణ్ణుంచి అందుకున్నారు. తలుపు వానకు ఉబ్బుతుందని, ఎండాకాలం దానంతటదే సర్దుకుంటుందని పెద్దోడు. అందాకా చొక్కాలు తలుపు బయట పెట్టుకోవాలా అని చిన్నోడు. మధ్యలో చిన్నోడు రెజిన్‌లో హార్డెనర్ కలిపాడు. కలిపాక అది ఎవరి కోపం కోసమూ ఆగదు, డబ్బాలోనే వేడెక్కి గడ్డకడుతుంది. అందుకని నోళ్లు తగవులాడుతుంటే చేతులు దూలాన్ని పట్టాయి, ముద్ద పూశాయి, గుడ్డ పరిచాయి, రోలర్‌తో గాలిబుడగలు నొక్కాయి. ఒకడు అడక్కముందే ఇంకొకడు కత్తెర అందించాడు. తిట్టుకుంటూ అందించాడు. నేను ఒక మూల కూర్చున్నాను. వాళ్లేమంటున్నారో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. చల్లారిన టీ ఎవడూ అడగలేదు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చి చెక్క సుత్తితో దూలాల పొడుగునా కొట్టుకుంటూ, చెవి ఆనించి విన్నాడు. అంతా ఒకే మోత. "ఎవరు చేశారు?" అన్నాడు. "నేను," అన్నారు ఇద్దరూ. "నేల వేసుకుని, ఇంజను ఎక్కించుకో. రేవు నీదే," అని నాతో అన్నాడు. ఆయన గుమ్మం దాటుతుండగా మొదటి చినుకు రేకు మీద పడింది.

వానలు వచ్చి పోయాయి. పడవ మళ్లీ తిరుగుతోంది. తమ్ముళ్లు ఇంటికి రావడం తగ్గింది, తర్వాత మానేశారు. రావడానికి పనేముంది? ఒకడి సంగతి ఇంకొకడికి తెలుసు. మొన్న అవతలి ఒడ్డున ఈలాయన నన్ను చూసి ఈల ఆపి, "మీ తమ్ముళ్లు బంగారమమ్మా. నా రేకు పడవలో చెక్క నేల వేసి ఫైబర్ కప్పుతున్నారు, ఇద్దరూ కలిసే వస్తున్నారు," అన్నాడు. నాకు ఎవడూ చెప్పలేదు. నేను నవ్వి, "అవును, బంగారం," అన్నాను. తిరుగు ప్రయాణంలో ఎక్కినవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోవడం మర్చిపోయాను.

ఈ రోజు పొద్దున నది నడుమ, జనం నిండా ఉండగా, ఒకసారి స్టీరింగు వదిలి చూశాను. ఇదివరకు పాత దూలాలతో చెయ్యి తీస్తే చాలు పడవ ఎడమకు లాగేది. ఇప్పుడు గీత గీసినట్టు నేరుగా వెళ్తోంది. అరక్షణం కూడా పక్కకు పోలేదు. నర్సమ్మ, "చేతులొదిలేశారేంటండీ!" అని అరిచింది. నాకు చెప్పరానంత సంతోషమేసింది. ఇది వాళ్లకి చెప్పాలి, అన్నిటికంటే ముందు ఇదే చెప్పాలి అనుకున్నాను. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పొచ్చు, ఏమీ కలపక్కర్లేదు.

ఒడ్డుకు ఆనించి, జనం దిగాక పెద్దోడికి ఫోన్ చేశాను. ఎంగేజ్. చిన్నోడికి చేశాను. ఎంగేజ్. కాసేపాగి మళ్లీ ఇద్దరికీ చేశాను. ఇద్దరివీ ఎంగేజే.